మందుల మీద మీరు వేసే ప్రశ్నల్లో మా వాగులనూ చేర్చండి: యూరోపియన్ పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన యూరోపియన్ పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం. హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారి మీద, నగరం దాటీ దాటగానే వచ్చే పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం నుంచి ఈ లేఖ రాస్తున్నాను. పర్యావరణం, ప్రజారోగ్యం, అంతర్జాతీయ వాణిజ్యం, ఉపాధి-సామాజిక వ్యవహారాల సంఘాలలో ఉన్న సభ్యులకు ముఖ్యంగా చేస్తున్న విన్నపం ఇది. యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్‌కు మీరు పంపే లిఖిత ప్రశ్నలలో మా ప్రాంతపు బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) పరిశ్రమకు సంబంధించిన ప్రశ్నలు కూడా ఉండాలనీ, అవి దాటవేయడానికి వీలులేనంత నిర్దిష్టంగా ఉండాలనీ కోరుతున్నాను. మా ఊళ్లవాళ్లూ, యూరప్‌లో స్థిరపడిన తెలుగువాళ్లూ చదివి తమ మాట కూడా కలపాలన్న ఆశతో దీన్ని తెలుగులోనే అందరి ముందూ ఉంచుతున్నాను.

పార్లమెంటు గానీ, అందులోని సభ్యులు గానీ వేసిన ప్రశ్నలకు కమిషన్ నోటితోనో రాతపూర్వకంగానో జవాబు ఇచ్చి తీరాలని మీ యూనియన్ ఒడంబడిక 230వ అధికరణం చెబుతోంది. మా లోక్‌సభలో నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నలూ లేని ప్రశ్నలూ అని తేడా ఉన్నట్టే మీ దగ్గర కూడా సభలో చర్చకు వచ్చే ప్రశ్నలు వేరు, రాతపూర్వక జవాబు కోరే ప్రశ్నలు వేరు. రాతపూర్వక ప్రశ్న వేయడానికి ఏ పార్టీ అనుమతీ అక్కరలేదు, ఏ సంఘం తీర్మానమూ అక్కరలేదు. సభ్యుడు ఒక్కరే వేయవచ్చు, కొందరు కలిసి సంతకం చేయవచ్చు. మూడు నెలల వ్యవధిలో ఒక్కొక్కరు ఇరవై ప్రశ్నల దాకా పంపవచ్చు. అత్యవసరమని గుర్తించిన ప్రశ్నకు మూడు వారాల్లో, మామూలు ప్రశ్నకు ఆరు వారాల్లో జవాబు రావాలి. ప్రశ్న, జవాబు రెండూ పార్లమెంటు వెబ్‌సైట్‌లో శాశ్వతంగా ఉంటాయి. చట్టం చేసేంత బలం దీనికి లేకపోవచ్చు. కానీ ఒక అధికార వ్యవస్థ చేత ఫలానా తేదీన ఫలానా విషయం మీద ఫలానా మాట అన్నామని కాగితం మీద ఒప్పించే సాధనంగా దీనికి ఉన్న విలువ చిన్నది కాదు.

ఆ సాధనం మా చేతిలో లేదు, అందుకే మీకు రాస్తున్నాను. అదే ఒడంబడిక 227వ అధికరణం పార్లమెంటుకు అర్జీ పెట్టుకునే హక్కును యూనియన్ పౌరులకూ, సభ్యదేశాల్లో నివసించేవారికీ, తమను నేరుగా తాకే విషయాల మీద మాత్రమే ఇచ్చింది. యూనియన్ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే యూరోపియన్ అంబుడ్స్‌మన్‌కు మొరపెట్టుకోవాలన్నా పౌరసత్వమో నివాసమో ఉండాలి. మ్యూనిక్‌లోనో డబ్లిన్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న పటాన్‌చెరు కుర్రవాడు అక్కడి నివాసిగా అర్జీ రాయగలడు గానీ, నక్కవాగు ఒడ్డున రెండెకరాల పొలం ఉన్న అతని తండ్రి రాయలేడు. నష్టం జరుగుతున్నది తండ్రికి, నోరు ఉన్నది కొడుక్కి. కొడుకు అర్జీ పెట్టినా ఇది నిన్ను నేరుగా తాకే విషయమా అన్న అడ్డు ఎదురవుతుంది. మీ ప్రశ్నకు అటువంటి అడ్డు ఏదీ లేదు. యూనియన్ బయట ఉన్నవారి గోడు యూనియన్ పత్రాల్లోకి ఎక్కడానికి మిగిలిన దారి దాదాపు అదొక్కటే.

మా ప్రాంతపు కథను కొంత వివరంగా చెప్పాలి. సోవియట్ సహకారంతో 1960లలో బాలానగర్‌లో వెలసిన ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ ఈ నగరానికి మందుల తయారీ నేర్పింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, కాజిపల్లి వరుసగా పారిశ్రామికవాడలయ్యాయి. అదే కాలంలో యూరప్‌లో మందుల ముడిపదార్థాల తయారీకి ఖర్చు పెరిగింది, పర్యావరణ నియమాలు బిగుసుకున్నాయి. తయారీ క్రమంగా భారతదేశానికీ చైనాకూ తరలింది. మాకు ఉద్యోగాలు వచ్చాయి, భూముల ధరలు పెరిగాయి, దేశానికి విదేశీ మారకం వచ్చింది. వాటితో పాటే నక్కవాగులో, ఇసుకవాగులో నురుగూ వచ్చింది. ఈ వాగులు మంజీర నదిలో కలుస్తాయి. మంజీర గోదావరికి ఉపనది, హైదరాబాదుకు దశాబ్దాల పాటు తాగునీరు ఇచ్చిన నది.

వాగు వెంట ఉన్న ఊళ్ల రైతులు 1980లలోనే రోడ్డెక్కారు. పశువులు ఆ నీళ్లు తాగి ఈసుకుపోతున్నాయనీ (గర్భాలు పోతున్నాయనీ), వరి కంకి పాలుపోసుకోవడం లేదనీ, బావి నీళ్లు రంగు మారాయనీ కలెక్టర్లకు అర్జీలు ఇచ్చారు. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగులను చూసి ఈ పోరాటంలోకి దిగి జీవితాంతం అందులోనే ఉన్నారు. 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన వ్యాజ్యం అక్కడి నుంచి రాష్ట్ర హైకోర్టుకూ, ఆ తరువాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కూ మారి 2017లో గానీ ముగియలేదు. ఈ మధ్యలో నష్టపరిహారాలు చెల్లించారు, కమిటీలు వేశారు, ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతాన్ని తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలో చేర్చింది. శుద్ధి చేసిన నీటిని పద్దెనిమిది కిలోమీటర్ల గొట్టపు మార్గంలో నగరపు మురుగునీటి వ్యవస్థకు తరలించి అంబర్‌పేట మీదుగా మూసీలోకి వదిలే ఏర్పాటు చేశారు. మంజీర మీద భారం కొంత తగ్గిన మాట నిజమే గానీ, ఆ భారం మూసీ నీటితో వరి పండించే దిగువ ఊళ్ల మీదికి మారింది. 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో చేపలన్నీ తేలిపోయినప్పుడు, వాటినే నమ్ముకున్న మత్స్యకారులు ఆ చచ్చిన చేపలను ఒడ్డుకు లాగి కుప్పలు పోశారు.

ఈ విషయం యూరప్‌కు తెలియనిది కాదు. తెలియజెప్పినవారు మీ శాస్త్రవేత్తలే. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని, అంటే సుమారు తొంభై బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేశాక వదిలిన నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. కొన్ని రకాల బాక్టీరియాను చంపే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. ఒక్క రోజులో ఆ కాలువ గుండా పోయిన సిప్రోఫ్లాక్సాసిన్ సుమారు 45 కిలోలని వారు లెక్కగట్టారు. అప్పటి స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందుతో అది సమానం. రెండేళ్ల తరువాత అదే బృందంలోని వారు చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందుల అవశేషాలు ఉన్నాయని చూపించారు. ఇంత మందు కలిసిన నీటిలో బతికి బట్టకట్టే సూక్ష్మజీవులు మందులకు లొంగని తరం అవుతాయి. అవి వీసా అడగవు. మందులకు లొంగని ఇన్ఫెక్షన్ల వల్ల యూరోపియన్ యూనియన్‌లోనూ, దానితో కూడిన ఆర్థిక ప్రాంతంలోనూ ఏటా 35,000 మందికి పైగా చనిపోతున్నారని మీ వ్యాధి నియంత్రణ కేంద్రమే చెబుతోంది. ఆ మరణాలకు మా కాలువలే కారణమని అనడం అబద్ధమవుతుంది. అయితే మా కాలువ ఆరోగ్యం మీ ఆసుపత్రికి సంబంధం లేని విషయమని అనడం కూడా అబద్ధమే.

ఇందులో మొదటి బాధ్యత మా ప్రభుత్వాలది. ఆ మాట మీరు అనక ముందే నేను అంటున్నాను. మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్ అవశేషాలకు పరిమితులు నిర్ణయిస్తూ మా కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా నియమాలు ప్రకటించింది. 2021 ఆగస్టులో తుది నియమాలు వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. వాటి కోసం మేము ఇక్కడ అడుగుతూనే ఉన్నాం, అడుగుతూనే ఉంటాం. పెద్ద కంపెనీలు చాలావరకు వ్యర్థజలాన్ని బయటికి వదలకుండా లోపలే ఆవిరి చేసి తిరిగి వాడుకునే ఏర్పాట్లు పెట్టుకున్నాయన్నది కూడా దాచవలసిన నిజం కాదు. ఆ ఏర్పాటుకు ఖర్చు ఎక్కువ. కొనేవాడు కిలోకు ఎంత ధర ఇస్తున్నాడన్న దాని మీదే ఆ యంత్రాలు రాత్రిపూట నడుస్తాయా, ఆగుతాయా అన్నది చాలాచోట్ల ఆధారపడి ఉంటుంది. ఇక్కడే మీ బాధ్యత మొదలవుతుందని నా అభిప్రాయం.

యూరప్ తలచుకుంటే ఎంత గట్టిగా అడగగలదో మా దగ్గర పనిచేసే ప్రతి క్వాలిటీ మేనేజరుకూ తెలుసు. నకిలీ మందులను అరికట్టే 2011 నాటి మీ ఆదేశం ప్రకారం, 2013 జూలై 2 నుంచి భారతదేశం వంటి బయటి దేశాల ముడిమందు యూనియన్‌లోకి రావాలంటే సాధారణంగా, ఆ కర్మాగారం మీ ప్రమాణాలకు సమానమైన తయారీ పద్ధతులు పాటిస్తోందని ఎగుమతి చేసే దేశపు అధికార సంస్థ రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. ఇక్కడ దాన్ని అందరూ రిటెన్ కన్ఫర్మేషన్ అంటారు. ఆ కాగితం గడువు దగ్గర పడితే కంపెనీ అంతా హడావుడి పడుతుంది, ఎందుకంటే అది లేకపోతే సరుకు ఓడరేవు దాటదు. సభ్యదేశాల తనిఖీ అధికారులు కూడా స్వయంగా వస్తారు. గోడలకు పూసిన ఎపాక్సీ పూతలో పగుళ్లు ఉన్నాయా, గాలి వడపోత యంత్రం రికార్డు సరిగా ఉందా, బ్యాచ్ నమోదు పుస్తకంలో కొట్టివేతల పక్కన సంతకాలు ఉన్నాయా అని ఒక్కొక్కటీ చూస్తారు. వాళ్లు ఇచ్చిన ధ్రువపత్రాలు యూడ్రా జీఎండీపీ అనే మీ బహిరంగ డేటాబేస్‌లో కనిపిస్తాయి. కానీ ఆ తనిఖీకి గీసిన పరిధి మందు నాణ్యత వరకే. అదే ఆవరణలో, అదే ప్రహరీ లోపల ఉన్న వ్యర్థజలాల ట్యాంకు మూత తీసి చూడమని ఆ నియమాలు చెప్పవు. మందు కొనే మీ పౌరుడికి కూడా తెలుసుకునే దారి లేదు. డబ్బాలోని కరపత్రం మీద మార్కెట్ అనుమతి పొందిన సంస్థ పేరు, బ్యాచ్‌ను విడుదల చేసిన సంస్థ పేరు ఉంటాయి. అసలు మందుపదార్థం ఏ ఊళ్లో తయారైందో ఉండదు.

ఈ సంగతుల మీద మీ పార్లమెంటులో ప్రశ్నలు రాకపోలేదు. అయితే ఫలానా దేశంలో కాలుష్యం సంగతి కమిషన్‌కు తెలుసా, ఏ చర్యలు తీసుకుంటారు అని విశాలంగా అడిగినప్పుడు జవాబు కూడా అంత విశాలంగానే వస్తుంది. కమిషన్‌కు సంగతి తెలుసు. పర్యావరణంలో మందుల అవశేషాల మీద 2019 మార్చి 11న ఒక విధాన పత్రం వెలువడింది. బయటి దేశాలతో సంప్రదింపులు సాగుతున్నాయి. ఆ దేశపు చట్టాల అమలు ఆ దేశానిదే. ఈ మాటల్లో ఏదీ అసత్యం కాదు, ఏదీ ఉపయోగపడదు. అటువంటి జవాబు ఒకసారి నమోదయ్యాక, తరువాత ఎవరు అడిగినా గతంలో ఇచ్చిన జవాబును చూడమని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. అందువల్ల సరిగా గురిపెట్టని ప్రశ్న వేయకపోవడం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. మీ నియమాల ప్రకారం ప్రశ్న 200 పదాలు మించకూడదు. ఆ కొద్ది చోటులో ఆవేదనకు ఒక వాక్యం చాలు, మిగిలినదంతా తేదీలకూ, పత్రాలకూ, సంఖ్యలకూ కేటాయించండి.

ఉదాహరణకు ఆ 2019 పత్రాన్నే తీసుకోండి. ప్రభుత్వ కొనుగోళ్ల ద్వారా పర్యావరణానికి హాని తక్కువైన తయారీని ప్రోత్సహించే అవకాశాన్ని సభ్యదేశాలతో చర్చిస్తామని అందులో ఉంది. తయారీ వ్యర్థాల వల్ల నిరోధకత (సూక్ష్మజీవులు మందులకు లొంగని గుణం) వ్యాపిస్తోందన్న అనుమానం ఉన్న బయటి దేశాల్లో చర్యలను ప్రోత్సహిస్తామనీ ఉంది. ఆ చర్చలు ఏ తేదీల్లో జరిగాయి, భారత ప్రభుత్వంతో జరిగిన సమావేశాల అజెండాలో ఈ అంశం ఎన్నిసార్లు ఉంది, ఆ సమావేశాల నమోదులను కమిషన్ బయటపెడుతుందా అని అడగండి. రిటెన్ కన్ఫర్మేషన్‌లో గానీ, దానికి తోడుగా వేరే పత్రంలో గానీ వ్యర్థజలాల ప్రమాణాన్ని చేర్చడం చట్టరీత్యా సాధ్యమో కాదో కమిషన్ న్యాయవిభాగం అభిప్రాయం తీసుకుందా అని అడగండి. అభిప్రాయం తీసుకోలేదన్నా అది జవాబే, మీ తరువాతి ప్రశ్నకు అది పునాది అవుతుంది. యాంటీబయోటిక్ తయారీలో వ్యర్థజలాల నిర్వహణ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది కనుక, కొలవడానికి ప్రమాణం లేదన్న మాట ఇక చెల్లదు.

2023 ఏప్రిల్ 26న కమిషన్ ప్రతిపాదించిన ఔషధ చట్టాల సంస్కరణ గురించి మరింత జాగ్రత్తగా అడగవలసి ఉంది. యాంటీబయోటిక్‌ల వంటి యాంటీమైక్రోబియల్ (సూక్ష్మజీవులను అరికట్టే) మందుల విషయంలో, యూనియన్ లోపలా బయటా ఉన్న మొత్తం తయారీ గొలుసు వల్ల పర్యావరణంలో నిరోధకత పెరిగే ముప్పును మదింపు చేయాలన్న మాట ఆ ప్రతిపాదనలో ఉంది. యూనియన్ బయట అన్న ఆ రెండు మాటలు మా ఊళ్లకు సంబంధించినంత వరకు చాలా విలువైనవి. అవి అమలు నియమాల దశలో నీరుగారిపోకుండా చూడటం మీ చేతిలో ఉంది. ఆ మదింపుకు కావలసిన సమాచారం ఎవరి నుంచి తీసుకుంటారు? కంపెనీ తానే రాసి ఇచ్చిన కాగితాన్ని నమ్ముతారా, వాగు నీటిని స్వతంత్రంగా పరీక్షిస్తారా? ఇప్పటికే మార్కెట్‌లో ఉన్న పాత యాంటీబయోటిక్‌లకు అది వర్తిస్తుందా? మా దగ్గర టన్నుల లెక్కన తయారయ్యేవి పాత మందులే గనుక ఈ చివరి ప్రశ్నను విడవకండి.

మీ పట్టణ వ్యర్థజలాల కొత్త ఆదేశం 2025 జనవరి 1న అమలులోకి వచ్చింది. పెద్ద నగరాల మురుగునీటి నుంచి మందుల, సౌందర్య సాధనాల సూక్ష్మ అవశేషాలను తొలగించే అదనపు శుద్ధికి అయ్యే ఖర్చులో కనీసం 80 శాతం ఆ ఉత్పత్తుల తయారీదారులే భరించాలని అది నిర్ణయించింది. కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని ఇంత స్పష్టంగా రాసిన చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. పరిశ్రమ సంఘాలు దాన్ని కోర్టులో సవాలు చేసినా మీరు వెనక్కి తగ్గకూడదని కోరుకుంటాను. అయితే ఒక రోగి మాత్ర మింగాక అతని శరీరం నుంచి యూరప్ మురుగుకాలువలోకి వెళ్లే మిల్లీగ్రాములకు తయారీదారు డబ్బు కడతాడు. అదే మాత్రలోని మందుపదార్థం తయారైన చోట కాలువలో కలిసిన కిలోలకు ఎవరూ ఏమీ కట్టరు. ఈ తేడాకు విధానపరమైన కారణం ఏమిటని పర్యావరణ కమిషనర్ జెస్సికా రోస్వాల్‌ను మీరు అడగాలి. తేడా ఉందని ఆమె చేత ఒప్పించగలిగినా అది చిన్న ఫలితం కాదు.

ధర సంగతి. యాంటీబయోటిక్‌లు కొనే ఆసుపత్రులూ బీమా సంస్థలూ చాలాకాలం అతి తక్కువ ధర ఒక్కటే చూసి టెండర్లు ఇచ్చాయి. అన్ని చోట్లా అలాగే లేదు. జర్మనీలోని ఏఓకే ఆరోగ్య బీమా సంస్థలు 2020 నుంచి తమ యాంటీబయోటిక్ టెండర్లలో, తయారీ కేంద్రం దగ్గర వ్యర్థజలాల పరిమితులు పాటించే కంపెనీలకు అదనపు గుర్తింపు ఇచ్చే షరతు పెట్టాయి. అంటే ఇది మీ చట్టాల కిందే సాధ్యమని రుజువైంది. 2025 మార్చి 11న కమిషన్ తెచ్చిన కీలక ఔషధాల చట్టం ప్రతిపాదన కూడా ధర ఒక్కటే కొలమానం కాకూడదంటోంది గానీ, దాని దృష్టి ప్రధానంగా సరఫరా భద్రత మీద ఉంది. ఆసియా మీద ఆధారపడటం ప్రమాదమన్న భయం దాని వెనుక ఉంది. ఆ భయాన్ని అర్థం చేసుకోగలను. తయారీ కొంత యూరప్‌కు తిరిగి వెళ్లినా ఎక్కువ భాగం ఇంకా చాలా ఏళ్లు ఇక్కడే ఉంటుంది. కాబట్టి మాతో కొనుగోలు మానేయమని మీ పౌరులకు చెప్పకండి, మమ్మల్ని నిషేధించమని కమిషన్‌ను కోరకండి. ఇక్కడ వేల కుటుంబాలు ఈ పరిశ్రమ మీద బతుకుతున్నాయి. శుద్ధి యంత్రం నడిపే ఖర్చు ధరలో కలిసేలా కొనండి, నడుపుతున్నారో లేదో చూడండి, చూసింది బయటపెట్టండి.

వాగుల గురించే మాట్లాడి మనుషులను మరిచిపోవడం న్యాయం కాదు. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో, మాత్రల తయారీలో కలిపే పొడిని ఉత్పత్తి చేసే ఒక కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ వంటి రాష్ట్రాల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు వారిలో ఎందరో ఉన్నారు. శరీరాలు గుర్తుపట్టే స్థితిలో లేక డీఎన్‌ఏ పరీక్షల కోసం బంధువులు పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి బయట రోజుల తరబడి కూర్చున్నారు. అంతకు ముందు ఏడాది ఆగస్టు 21న ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో మరో మందుల కర్మాగారంలో పేలుడు 17 మందిని బలి తీసుకుంది. ఈ రెండు చోట్ల తయారైన సరుకు యూరప్‌కే వచ్చిందని నేను అనడం లేదు. ఇటువంటి చోట్ల నుంచి సరుకు వస్తోందో లేదో మీ దగ్గర ఎవరికైనా తెలుసా అని మాత్రమే అడుగుతున్నాను.

అది తెలుసుకోవలసిన బాధ్యతను పెద్ద కంపెనీల మీద పెట్టిన చట్టాన్ని మీరే 2024లో చేశారు. సరఫరా గొలుసులో మానవ హక్కులకూ పర్యావరణానికీ కలిగే హానిని ముందే గుర్తించి నివారించాలని ఆ ఆదేశం చెప్పింది. తరువాతి ఏడాదే సరళీకరణ పేరిట దాన్ని తిరగరాయడం మొదలైంది. మొదట వెయ్యి మంది ఉద్యోగులున్న కంపెనీల వరకు వర్తించవలసింది, 2025 డిసెంబరులో కుదిరిన రాజీ ప్రకారం అయిదు వేల మందికి మించిన కంపెనీలకే పరిమితమైంది. ఆ మార్పు తరువాత యూనియన్‌లోకి మందులు, ముడిమందులు దిగుమతి చేసే కంపెనీల్లో ఎన్ని ఆ చట్టం పరిధిలో మిగిలాయో అంకెతో చెప్పమని సామాజిక హక్కుల బాధ్యత చూసే కార్యనిర్వాహక ఉపాధ్యక్షురాలు రోక్సానా మిన్జాతును, ఆ ఆదేశంతో సంబంధం ఉన్న ఇతర కమిషనర్లను అడగండి. అంకె ఇస్తే చర్చకు ఆధారం దొరుకుతుంది. లెక్క వేయలేదంటే, లెక్క వేయకుండానే పరిధి తగ్గించారన్నది నమోదవుతుంది.

ఇక వాణిజ్య ఒప్పందం. 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో తిరిగి పట్టాలెక్కిన భారత్-యూరోపియన్ యూనియన్ స్వేచ్ఛా వాణిజ్య చర్చలు ముగిశాయని 2026 జనవరిలో న్యూఢిల్లీలో ప్రకటించారు. మీ పార్లమెంటు సమ్మతి లేకుండా అటువంటి ఒప్పందం అమలులోకి రాదు. సమ్మతి అడిగే ముందున్న ఈ కాలమే ప్రశ్నలకు సరైన కాలం, సమ్మతి ఇచ్చాక వేసే ప్రశ్నకు అంత పదును ఉండదు. ఇటువంటి ఒప్పందాల్లో వాణిజ్యం-సుస్థిరాభివృద్ధి అధ్యాయం ఒకటి ఉంటుంది. మందుల తయారీ వ్యర్థాలను ఆ అధ్యాయం కింద కమిషన్ చేపడుతుందా, హాని జరిగిన ఊళ్లవాళ్లు యూనియన్ నివాసులు కాకపోయినా నేరుగా చెప్పుకునే మార్గం ఏదైనా ఏర్పాటు చేస్తుందా అని వాణిజ్య కమిషనర్ మారోష్ షెఫ్చోవిచ్‌ను సూటిగా అడగండి. ఇటువంటి షరతులన్నీ వాణిజ్యానికి ముసుగు వేసిన అడ్డంకులేనని మా దేశంలో బలమైన అభిప్రాయం ఉంది. కొన్ని సందర్భాల్లో ఆ అభిప్రాయంలో న్యాయం ఉందని నేనూ అనుకుంటాను. షరతు పెట్టి ఖర్చంతా ఇక్కడి చిన్న కంపెనీ మీదికి నెట్టేస్తే అది అడ్డంకే అవుతుంది. షరతుతో పాటు ధర, సాంకేతిక సహాయం, పరీక్షలకు ప్రయోగశాల కూడా వస్తే అది సహకారం అవుతుంది. ఈ రెంటిలో ఏది కమిషన్ ఆలోచన అన్నది మీరు రాబట్టాలి.

మరొక చిన్న విషయం మీ దృష్టికి తేవాలి. ఈ ప్రశ్నను ఒక్క ఆరోగ్య శాఖ చూసే ఒలివేర్ వార్హెయికే పంపితే అది మందుల నాణ్యత ప్రశ్నగా కుదించుకుపోతుంది, వాణిజ్య విభాగానికే పంపితే సుంకాల ప్రశ్నగా మారిపోతుంది. వాగు, వేతనం, ధర మూడూ ఒకే గొలుసులో ఉన్నాయి గనుక, వేర్వేరు సంఘాల సభ్యులు, వీలైతే వేర్వేరు పార్టీల సభ్యులు కలిసి సంతకం చేసి ఒకే వారంలో మూడు ప్రశ్నలుగా వేస్తే ఒకరి జవాబును మరొకరి జవాబుతో పోల్చి చూడవచ్చు. జవాబులు పొంతన లేకుండా వస్తే, సభలో చర్చతో కూడిన మౌఖిక ప్రశ్నకు అదే దారి చేస్తుంది. దానికి ఒక సంఘమో, ఒక రాజకీయ బృందమో, సభలో ఇరవయ్యో వంతు సభ్యులో ముందుకు రావాలి.

మీలో ఎవరు ముందుకు వచ్చినా ఇక్కడి నుంచి చేయగలిగింది మేము చేస్తాం. కోర్టు తీర్పులు, కాలుష్య నియంత్రణ మండలి ఉత్తర్వులు, చెరువుల నీటి పరీక్షల నివేదికలు సేకరించి ఆంగ్లంలో పంపుతాం. మీకు వచ్చిన జవాబును ప్రశ్న సంఖ్యతో సహా తెలుగులోకి అనువదించి నక్కవాగు, మూసీ వెంట ఉన్న గ్రామాలకు అందజేస్తాం. జవాబులోని మాటకూ ఇక్కడి పరిస్థితికీ ఎక్కడ తేడా ఉందో గుర్తించి ఆరు వారాల లోపే మీకు తిరిగి రాస్తాం, రెండో ప్రశ్న దాని మీద వేయండి.

గౌరవంతో,
పటాన్‌చెరు ప్రాంత పౌరుడు,
సంగారెడ్డి జిల్లా, తెలంగాణ